వేరు కుళ్లుకు ట్రైకోడెర్మా: ఏ చెట్టుకు వేయాలి, ఏ చెట్టుకు వేసి లాభం లేదు

ప్రశ్న: చంద్రగిరి దగ్గర, కొండకు ఆనుకుని మాకు మూడెకరాల మెట్ట ఉంది. తొమ్మిదేళ్ల కిందట ఎర్రచందనం, కానుగ, సరుగుడు, వేప కలిపి నాటాం. గట్టు మీది పాత తుమ్మ చెట్లను రెండేళ్ల కిందట కొట్టించాం. అప్పటి నుంచి ఆ వైపు కానుగలు, సరుగుడు చెట్లు ఒక్కొక్కటే పసుపు తిరిగి ఎండిపోతున్నాయి. వానలు పడ్డాక చెట్టు మొదట్లో ఎర్రగా, వార్నిష్ పూసినట్టు మెరిసే కుక్కగొడుగులు వచ్చాయి. వేపల కొమ్మల చివర్లు కూడా మాడాయి. మందుల షాపులో ట్రైకోడెర్మా పొడి నీళ్లలో కలిపి పోయమన్నారు. పోస్తే చెట్లు కోలుకుంటాయా? ఎంత పోయాలి? ఎర్రచందనానికి కూడా అంటుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

సగం ఎండిపోయిన కానుగకు మీరు ఎంత ట్రైకోడెర్మా పోసినా అది కోలుకోదు. ట్రైకోడెర్మా అంటే రోగ శిలీంద్రాలను అణిచే మేలు శిలీంద్రం. ఆ పొడి కొనాల్సింది దాని అవతల ఇంకా పచ్చగా ఉన్న చెట్ల కోసం. మీ తోటలో అసలు సమస్య ఎండుతున్న చెట్లలో కంటే, మీరు కొట్టించి మట్టిలో వదిలేసిన తుమ్మ మొద్దుల్లో ఉంది. ఈ రెండు సంగతులు పట్టుకుంటే ఎంత పోయాలి, ఎప్పుడు పోయాలి అన్నవి కష్టమైన విషయాలేమీ కావు.

ముందు వేపల సంగతి పక్కన పెడదాం. కొమ్మల చివర్లు మాడి, మొదలు గట్టిగా ఉంటే అది వేరు రోగం కాదు. 2021 నుంచి తెలుగు రాష్ట్రాల్లో వేపలను మాడ్చేస్తున్న కొమ్మ ఎండు తెగులు అది. ఫోమోప్సిస్ అనే శిలీంద్రం వల్ల వస్తుంది, దానికి టీ దోమ కూడా తోడవుతుంది. అది చివర్ల నుంచి కిందికి దిగుతుంది. చాలా వేపలు మళ్లీ చిగురుస్తాయి, వాటిని చూసి గాభరా పడి నరికించకండి.

కానుగ, సరుగుడుల విషయం వేరు. మీరు చెప్పిన గుర్తులు గానోడెర్మా అనే శిలీంద్రం తెచ్చే వేరు కుళ్లువి. అయినా గొడుగు ఒక్కటి చూసి నిర్ధారించుకోవద్దు, తవ్వి చూడండి. ఎండుతున్న చెట్టు దగ్గర, తుమ్మ మొద్దు ఏ వైపు ఉందో ఆ వైపే గడ్డపారతో జానెడు లోతు మట్టి తీయండి. అవతలి వైపు వేళ్లు ఇంకా బాగానే ఉండి మిమ్మల్ని మోసం చేస్తాయి. బొటనవేలు లావు వేరు దొరికితే కత్తితో బెరడు గీకండి. మంచి వేరైతే బెరడు కలపను అంటిపెట్టుకుని ఉంటుంది, కింద తడిగా, గట్టిగా, కత్తికి అడ్డం పడుతుంది. రోగం పట్టిన వేరుకు బెరడు చేత్తో లాగితే ఊడి వస్తుంది. బెరడుకూ కలపకూ మధ్య తెల్లటి పల్చటి పొర అతుక్కుని ఉంటుంది. కలప పాలిపోయి, గోటితో నొక్కితే దిగుతుంది, నారలు నారలుగా విడిపోతుంది, పుట్టగొడుగుల వాసన కొడుతుంది. ఈ నాలుగూ కనిపిస్తే వేరు కుళ్లేనా అన్న సందేహం అక్కర్లేదు.

అక్కడే మట్టి దారులు, చెదలు కూడా కనిపించొచ్చు. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. చెదపురుగు మందు పోసి, చెట్టు ఎందుకు బతకలేదా అని ఆశ్చర్యపోతారు. కుళ్లిన కలపకు చెదలు వెనకాల వస్తాయి, వాటిని చంపితే కుళ్లు ఆగదు.

ఇప్పుడు ఎండిన చెట్టు ఎందుకు కోలుకోదో చెప్తాను. గానోడెర్మా ఉండేది మట్టిలో కాదు, కట్టెలో. చెట్టు కలపను గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని అది తినేస్తుంది. కట్టె తెల్లబడి మెత్తబడేది అందుకే. పైన ఆకు పసుపు తిరిగేసరికి కింద ఆ వైపు వేళ్లు చాలా వరకు పోయి ఉంటాయి. ట్రైకోడెర్మా నివాసం పైమట్టి, అందులోని సేంద్రియ పదార్థం. చెట్టు మొదట్లో బకెట్ నీళ్లతో పోసిన పొడి, మూడడుగుల లోతున లావు వేరు నడిమధ్యలో కూర్చున్న గానోడెర్మాను చేరే దారి లేదు.

మరి కంపెనీల కరపత్రాల్లో ఫొటో ఉంటుంది కదా, ఒకే గాజు పళ్లెంలో రెండు శిలీంద్రాలను ఎదురెదురుగా పెంచి, వారం తిరక్కుండా ట్రైకోడెర్మా అవతలిదాన్ని కప్పేసినట్టు? ఆ ఫొటో నిజమే. ట్రైకోడెర్మా చాలా వేగంగా పెరుగుతుంది. రోగ శిలీంద్రం పోగుల చుట్టూ తన పోగులను మెలివేసి, దాని గోడలను కరిగించే ఎంజైములను వదులుతుంది, తిండిని లాగేసుకుంటుంది. వైండ్‌లింగ్ అనే శాస్త్రవేత్త 1932లోనే దీన్ని వివరంగా రాశాడు. వేరు దగ్గర పెరిగితే చెట్టు సొంత రక్షణ శక్తిని కూడా అది కొంత తట్టి లేపుతుంది. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ పళ్లెంలో గానోడెర్మాకు దాక్కోవడానికి కట్టె లేదు. తోటలో ఉంది.

కట్టె సంగతిని సరిగ్గా అర్థం చేసుకుని, శిలీంద్రంతోనే శిలీంద్రాన్ని ఆపిన మంచి ఉదాహరణ ఇంగ్లండ్‌లో ఉంది. తూర్పు ఇంగ్లండ్‌లో థెట్‌ఫర్డ్ అనే చోట పెద్ద పైన్ తోటలున్నాయి. అక్కడ పల్చన చేయడానికి కొన్ని చెట్లు నరికినప్పుడల్లా, చుట్టుపక్కల నిలబడి ఉన్నవి వేరు కుళ్లుతో పోయేవి. కేంబ్రిడ్జికి చెందిన జాన్ రిష్‌బెత్ దాని వెనకబడి తేల్చిందేమిటంటే, హెటెరోబాసిడియాన్ అనే శిలీంద్రం బీజాలు గాలిలో వచ్చి అప్పుడే కోసిన మొద్దు మీద పడతాయి, అక్కడ మొలిచి వేళ్లలోకి దిగుతాయి, ఆ వేళ్లు పక్క చెట్టు వేళ్లకు తగిలే చోట దాటుకుంటాయి. అంటే రోగానికి తలుపు తెరిచేది గొడ్డలి.

ఆయన ఉపాయం తేలికైనది. బతికున్న చెట్టుకు హాని చేయని, చచ్చిన కట్టెను మాత్రమే తినే ఫ్లెబియోప్సిస్ అనే మరో శిలీంద్రం బీజాలను నీళ్లలో కలిపి, కోసిన వెంటనే మొద్దు మీద పూయించాడు. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోవడం మనకు తెలుసు కదా, అదే ఇది. ముందు చేరినదే మొద్దును ఆక్రమిస్తుంది, వెనక వచ్చినదానికి చోటుండదు. 1963లో ఆయన ఈ పని ప్రచురించాడు. తర్వాత ఫిన్లాండ్‌లో దీన్ని రోట్‌స్టాప్ అనే పేరుతో సరుకుగా చేశారు. ఇప్పుడు అక్కడి యంత్రాలు చెట్టును కోస్తూనే రంపం దగ్గరి నుంచి ఆ ద్రావణాన్ని మొద్దు మీద చిమ్ముతాయి. మొద్దంతా తడిసిందో లేదో కంటికి కనపడడానికి అందులో నీలం రంగు కూడా కలుపుతారు.

ఇందులో రెండు షరతులున్నాయి. మొద్దు తాజాదై ఉండాలి. రోగం ముందే చేరిన మొద్దుకు పూస్తే ఏమీ ఒరగదు. మన శేషాచలం కొండల్లో పైన్ చెట్లూ లేవు, ఆ సరుకూ మనకు పనికిరాదు, తెప్పించుకుందామని ఆన్‌లైన్‌లో వెతక్కండి. ఆ ఆలోచన మాత్రం ఉష్ణమండలంలోనూ పనికొచ్చేదే. ఇండోనేషియాలో అకేషియా తోటలను గానోడెర్మా దెబ్బ తీస్తుంటే, అక్కడి ఫ్లెబియోప్సిస్ జాతులనే తీసి మొద్దుల మీద పరీక్షించారు.

మీ తోటకు వస్తే, తుమ్మ మొద్దులు తాజావి కావు, వాటిలో సీటు ఎప్పుడో నిండిపోయింది. ఒక పెద్ద మొద్దులో గానోడెర్మా ఏళ్ల తరబడి బతుకుతుంది. కాబట్టి మొదటి ఖర్చు పొడి మీద కాదు, జేసీబీ మీదో కూలీల మీదో పెట్టండి. మొద్దును, దాంతోపాటు వేలి లావు పైబడిన వేళ్లను వీలైనంత తవ్వించి తీయండి. ఎండిన కానుగలను, సరుగుడు చెట్లను కూడా మొద్దులతో సహా. తీసినవి అక్కడే గుట్టగా వదలొద్దు. కాల్చేయాలంటే వానాకాలంలో, తోటకు దూరంగా కాల్చండి. ఎండాకాలంలో కొండ అంచున నిప్పు పెట్టే పని అసలే వద్దు.

అన్నీ తీయించడం కుదరకపోతే కందకం తవ్వించండి, అడుగు వెడల్పు, రెండు మూడడుగుల లోతు. దీని పని వేళ్ల మధ్య లంకె తెంచడం. ఎక్కడ తవ్వాలన్నదే ముఖ్యం. ఎండిన చెట్టుకు ఆనించి తవ్వితే దండగ, ఎందుకంటే పచ్చగా కనిపించే పక్క చెట్టు వేళ్లలోకి రోగం అప్పటికే దాటి ఉండొచ్చు. ఆ పక్క చెట్టును కూడా రోగం వైపే లెక్కేసి, దాని అవతల తవ్వండి. ఒక మంచి చెట్టును వదులుకున్నట్టు అనిపిస్తుంది, మా దగ్గరికి వచ్చే రైతుల్లో ఎక్కువమంది ఇక్కడే బేరమాడతారు. వాన నీళ్లు కందకంలో నిలవకుండా ఒక చివర పల్లానికి కాలువ వదలండి.

ఇది అయ్యాక ట్రైకోడెర్మా. నీళ్లలో కలిపి పోయడం కంటే పశువుల ఎరువులో పెంచి వేయడం చాలా మేలు. మన ఎర్ర గరప నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ. ఒట్టి పొడి చల్లితే దానికి తినడానికేమీ ఉండదు, కొద్ది రోజుల్లో పోతుంది. పాడికి పేరున్న జిల్లా మనది, ఎరువుకు కొదవ లేదు. రెండు కిలోల పొడికి 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి. చెట్టు నీడలోనో పాకలోనో అడుగు ఎత్తున పరిచి, పొరలు పొరలుగా పొడి చల్లి, కాస్త బెల్లం కలిపిన నీళ్లు చిలకరించి కలపండి. గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. తడి గోనె సంచులు కప్పండి. నాలుగైదు రోజులకు సంచి ఎత్తి చూస్తే ఎరువు మీద తెల్లటి సాలెపట్టు అల్లుకుంటూ ఉంటుంది. వారం, పది రోజులకు ఆ తెలుపు మీద ముదురు ఆకుపచ్చ పొడి దిగుతుంది, తడి మట్టి వాసన వస్తుంది. మధ్యలో ఒకసారి తిరగేయండి. కుళ్లు వాసన కొడుతుంటే నీళ్లు ఎక్కువయ్యాయని, ఏ రంగూ రాకపోతే పొడి చచ్చినదని అర్థం.

చచ్చిన పొడి అన్నది మామూలు విషయమే, తిరుపతి ఎండల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇది జీవం ఉన్న సరుకు. మే నెలలో షాపు ముందు రేకుల కింద పడున్న ప్యాకెట్టు మీద తేదీ ఎంత బాగున్నా లోపల ఏమీ మిగలదు. ట్రైకోడెర్మా విరిడి 1 శాతం పొడి అయితే గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉండాలి. ప్యాకెట్ మీద ఆ సంఖ్య, తయారీ తేదీ, గడువు, కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు చూసి, షాపులో చల్లగా ఉంచినదే అడిగి తీసుకోండి. పచ్చి పేడ మాత్రం వాడొద్దు, వేరు పురుగును, చెదలను పిలిచి పెట్టినట్టవుతుంది.

మీ వయసు చెట్లకు ఒక్కోదానికి మూడు నుంచి ఐదు కిలోల ఈ ఎరువు చాలు. సగం చెట్టు మొదటి చుట్టూ, సగం కొమ్మల నీడ అంచు పడే చోట, తవ్వుకోలతో పైమట్టి కదిలించి కలిపి, ఆకులు కప్పి, నీళ్లు పెట్టండి. కొత్త వేళ్లు ఎక్కువగా ఉండేది ఆ నీడ అంచునే. మొద్దులు తీసిన గుంటల్లోనూ వేసి పూడ్చండి. మట్టిలో మిగిలిపోయిన సన్న వేరు ముక్కల మీద ట్రైకోడెర్మాకు నిజంగా పైచేయి ఉంటుంది. బలహీనపడిన శత్రువును అది బాగా కొడుతుంది. కాలిఫోర్నియాలో బత్తాయి జాతి తోటల్లో ఆర్మిలేరియా అనే వేరు కుళ్లు మీద 1951లో బ్లిస్ అనే శాస్త్రవేత్త చూపింది ఇదే. చంపడానికి సరిపోని మోతాదులో మట్టికి పొగమందు పెట్టినా రోగం చచ్చింది, ఎందుకంటే మందు దాన్ని బలహీనపరిచాక మట్టిలోని ట్రైకోడెర్మా మిగతా పని ముగించింది.

కాలం విషయంలో మొండిగా ఉండండి. తొలకరి తర్వాత ఒకసారి, సెప్టెంబరు చివర్లో, అక్టోబరు వానలు గట్టిపడకముందు ఇంకోసారి. ట్రైకోడెర్మా 25 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన పైమట్టి వేడికి వేస్తే ఎరువు ఖర్చే మిగులుతుంది. రెండు మూడేళ్లు వరసగా వేయాలి, ఒక్కసారి వేసి ఫలితం చూడొద్దు.

మందుల విషయం త్వరగా చెప్పేస్తాను. కార్బండజిమ్ అనే తెగులు మందు ట్రైకోడెర్మాను చంపుతుంది. బోర్డో మిశ్రమం, రాగి మందులు కూడా దానికి పడవు. షాపులో రెండూ కలిపి ఒకే డ్రమ్ములో పోయమంటే వినకండి. మందు పోసి ఉంటే కనీసం 15 రోజులు ఆగండి. సున్నం, బూడిద కూడా ఆ ఎరువులో కలపొద్దు, దానికి పులుపు వైపున్న మట్టే నచ్చుతుంది.

ఇకపై ఏ చెట్టు కొట్టినా నేలకు ఆనించి కోసి, అదే రోజు కోత మీద ట్రైకోడెర్మాను పేడతో కలిపి ముద్దగా పూసి, మట్టి కప్పేయండి. ఇది ఫ్లెబియోప్సిస్ అంత గట్టి పని చేస్తుందని నేను చెప్పను. ట్రైకోడెర్మాకు కట్టెను తిని లోపలిదాకా దిగే శక్తి తక్కువ, పైపొర మాత్రమే పట్టుకుంటుంది. అయినా కోతను ఖాళీగా గాలికి వదిలేయడం కంటే నయం, ఖర్చూ పెద్దగా లేదు.

ఖాళీలు పూడ్చడానికి కొత్త మొక్కలు తెస్తే, ఉపయోగపడే శిలీంద్రాల అసలు విలువ అక్కడ కనిపిస్తుంది. నర్సరీ సంచిలోనే ట్రైకోడెర్మా ఎరువుతో పాటు వామ్ కూడా వేయించండి. ఇది మరో రకం శిలీంద్రం, వేరు లోపలికి వెళ్లి కాపురం పెడుతుంది. చెట్టు దానికి చక్కెర ఇస్తే, అది దూరం నుంచి భాస్వరం, నీళ్లు తెచ్చిస్తుంది. అలా నిండిన వేరులో రోగానికి చోటు తగ్గుతుంది. వేప, కానుగ లాంటి మన చెట్లన్నీ దీనితో కలిసి బతికేవే. బతికున్న వేరు లేకుండా ఇది పెరగదు, కాబట్టి చెట్టు పెద్దయ్యాక పైన చల్లితే ప్రయోజనం దాదాపు సున్నా, గుంటలో వేరుకు తగిలేలా పడాలి. ఆ మొక్కలకు డీఏపీ గుప్పిస్తే వామ్ వేరులోకి సరిగ్గా చేరదు. తుమ్మ మొద్దు తీసిన గుంటలోనే మళ్లీ కానుగో సరుగుడో నాటకండి, కొన్నేళ్లు ఖాళీగా వదలండి.

ఎర్రచందనం గురించి. మీ భయం అర్థమైంది, తోటలో విలువంతా దానిలోనే ఉంది కదా. అది రాళ్ల నేలలో, నీళ్లు జారిపోయే వాలులో పుట్టిన చెట్టు. దాని సొంత ఊరే శేషాచలం, పాలకొండ, వెలికొండలు. దానికి అసలు పడనిది వేళ్లలో నీళ్లు నిలవడం. 2021 నవంబరులో తిరుపతిని ముంచినంత వాన పడితే పల్లంలో రోజుల తరబడి నీళ్లు నిలుస్తాయి, ఊపిరాడని వేరు ఏ రోగానికైనా లొంగుతుంది. కాబట్టి ఎర్రచందనం వరసల్లో ముందు మురుగు కాలువలు చూసుకోండి, చెట్టు మొదట్లో డ్రిప్ పైపు ఆనించి ఉంటే నీడ అంచుకు జరపండి. తుమ్మ గట్టుకు దగ్గరున్న రెండు వరసలకు ట్రైకోడెర్మా ఎరువు తప్పకుండా వేయండి. ఒకవేళ ఎర్రచందనం చెట్టే ఎండినా, మీ పట్టా భూమిలోదైనా సరే, అటవీ శాఖ అనుమతి లేకుండా కొట్టొద్దు, మొద్దు తవ్వొద్దు, వేళ్లు బయటికి తీసుకెళ్లొద్దు. రోగం మాట దేవుడెరుగు, కేసు మీద పడుతుంది.

పక్కనే ఉన్న రిజర్వు అడవిలో కూడా ఇలాంటి గొడుగులు కనిపిస్తాయి, అక్కడికి కూడా ఎరువు తీసుకెళ్లి చల్లాలేమో అనుకోకండి. అడవిలో గానోడెర్మాకు వేరే ఉద్యోగం ఉంది, చచ్చిన మానులను మట్టి చేయడం. అక్కడ రకరకాల చెట్లు కలిసి ఉండడం, ఆకులు రాలి పడి కుళ్లడం వల్ల మట్టిలో వేల రకాల శిలీంద్రాలు ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయి. మీరు చేయగలిగింది మీ తోటలో రాలిన ఆకును ఊడ్పించి కాల్చకుండా వదిలేయడం.

పని మొదలుపెట్టే ముందు ఒక నమూనా పరీక్ష చేయించుకోండి. తిరుపతిలో ఎస్వీ వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం రెండింట్లోనూ తెగుళ్ల శాస్త్రవేత్తలు ఉంటారు. పూర్తిగా కుళ్లిపోయిన ముక్క తీసుకెళ్తే అందులో చెత్త శిలీంద్రాలు తప్ప ఏమీ దొరకదు. మంచి కలప ముగిసి కుళ్లు మొదలయ్యే చోటి నుంచి, రెండూ ఉండేలా జానెడు వేరు ముక్క కోయండి. దాంతోపాటు ఆ వేరు చుట్టూ ఉన్న గుప్పెడు మట్టి, ఒక గొడుగు. పాలిథిన్ కవర్లో వేస్తే దారిలోనే చెమ్మగిల్లి బూజు పడుతుంది, పాత న్యూస్ పేపర్లో చుట్టి, కోసిన రోజే ఇచ్చేయండి.